మత్లబ్ దారిలో: ఉప్పు, బెల్లం, నీళ్ళు

ఆదివారం, ఢాకా

2023 మే నెల. కోల్‌కతాలో విమానం ఎక్కితే గంట కూడా పట్టలేదు ఢాకా చేరటానికి, కానీ ఎయిర్‌పోర్టు నుంచి మోహాఖాలీ దాకా వెళ్ళటానికి మాత్రం రెండు గంటలు పట్టింది, ఆకుపచ్చ రంగు ఆటోలు, చుట్టూ ఇనుప జాలీ, వాటిని సీఎన్జీ అంటారు ఇక్కడ, లోపల కూర్చుంటే గాలి ఆడదు. నాతో పాటు అక్క వచ్చింది. సొంతక్క కాదు, నల్లగొండ జిల్లాలో ముప్పై ఏళ్ళు ఏఎన్ఎంగా చేసి రిటైరైంది, ఇప్పుడు మాతో కలిసి ఆశాలకి ట్రైనింగ్ ఇస్తుంది. జిల్లాలో సగం మందికి ఆమె అక్కే.

మేం ఇక్కడికి ఎందుకొచ్చామో ముందే చెప్పేస్తా. ఓఆర్ఎస్ గురించి ట్రైనింగులు ఇచ్చీ ఇచ్చీ మా ఇద్దరికీ ఒకటే ప్రశ్న మిగిలిపోయింది. ప్యాకెట్ సబ్ సెంటర్లో ఫ్రీ. ఆశా వెళ్ళి చెప్పే ఉంటుంది. అయినా పిల్లాడికి మోషన్స్ మొదలైతే తల్లి ముందు పరిగెత్తేది ఆర్ఎంపీ దగ్గరికి, సెలైన్ ఎక్కించమని. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం మన దేశంలో విరేచనాలైన పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది దాదాపు 61 శాతానికే. బంగ్లాదేశ్, అప్పట్లో మనకంటే పేద దేశం, ఏటా వరదల్లో మునిగే దేశం, ఇంటింటికీ దీన్ని ఎలా తీసుకెళ్ళిందో కళ్ళతో చూడాలని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి పర్మిషన్ తెచ్చుకుని వచ్చాం.

రాత్రి అన్నం, పప్పు, రుయ్ చేప పులుసు. పప్పు చాలా పల్చగా ఉంది, అక్క రెండుసార్లు పోయించుకుంది.

సోమవారం, మోహాఖాలీ

రిక్షావాడికి ఐసీడీడీఆర్‌బీ అని పెద్ద పేరు చెప్పక్కర్లేదు, కలరా హాస్పతాల్ అంటే చాలు, ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. 1960 డిసెంబర్‌లో, ఇది ఇంకా తూర్పు పాకిస్తాన్‌గా ఉన్నప్పుడు, పాకిస్తాన్-సీటో కలరా పరిశోధనశాలగా మొదలైంది. సీటో అంటే అమెరికా వాళ్ళ సైనిక కూటమి, ఆసియాలో తిరిగే తమ సైనికులకి కలరా వస్తుందన్న భయం కూడా దీని వెనక ఉంది. ఎవరి భయం వల్ల పుట్టినా చివరికి పనికొచ్చింది ఇక్కడి పేదవాళ్ళకి. వైద్యం పూర్తిగా ఉచితం. గేటు దగ్గర ఆధార్ లాంటిదేదీ అడగరు, డబ్బులున్నాయా అని అడగరు.

లోపల వార్డు చూసి కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. వరసగా మంచాలు, మామూలు మంచాలు కావు, మధ్యలో ఒక గుండ్రటి రంధ్రం, మీద ప్లాస్టిక్ షీటు, ఆ షీటు కూడా రంధ్రంలోంచి కిందికి గరాటులా దిగి బకెట్లో పడుతుంది. రోగి లేవక్కర్లేదు. బియ్యం కడిగిన నీళ్ళలాంటి విరేచనం నేరుగా బకెట్లోకి. నర్సు వచ్చి బకెట్లో ఒక గీతల పుల్ల ముంచి ఎంత పోయిందో చూసి కాగితం మీద రాసుకుని వెళ్ళింది.

“ఏందిది చెల్లె, కొలుస్తున్రా?” అంది అక్క.

కొలుస్తున్నారు. ఎంత పోయిందో అంత తాగించాలి, వైద్యం మొత్తం ఆ కూడికా తీసివేతా మీదే నడుస్తుంది. 1968లో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర అమెరికన్ డాక్టర్లు ఇక్కడ 29 మంది కలరా రోగుల మీద చేసింది ఇదే. అంతకుముందు నోటి ద్వారా తాగించే ప్రయోగాలు జరగక కాదు, 1953లోనే కలకత్తాలో హేమేంద్రనాథ్ చటర్జీ 186 మందికి తాగించి బతికించానని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు, కానీ ఎంత పోతోంది, ఎంత ఇస్తున్నాం అన్న లెక్క అందులో లేదని పెద్దలు పట్టించుకోలేదు. (నాకు ఇది చదివిన ప్రతిసారీ బాధే.) నలిన్, క్యాష్ ఆ లెక్క పట్టుకున్నారు. పోయినంత తాగిస్తే నరానికి ఎక్కించే సెలైన్ అవసరం 80 శాతం తగ్గిపోయింది. కలరా వచ్చినా పేగు గోడ పాడవదు, అందులో గ్లూకోజు లోపలికి వెళ్తూ వెళ్తూ సోడియాన్ని వెంట తీసుకెళ్తుంది, ఆ వెనకే నీళ్ళు వెళ్తాయి. ఉప్పునీళ్ళు ఒక్కటే ఇస్తే లాభం లేదు, గ్లూకోజో బెల్లమో జతగా ఉంటేనే ఆ దారి పనిచేస్తుంది.

తీవ్రంగా ఎండిపోయి వచ్చినవాళ్ళకి సెలైన్ పెడతారు, పెట్టటం మానేయలేదు. కానీ కొన్ని గంటల్లో మనిషి తేరుకోగానే తీసేసి తాగటానికి మారుస్తారు. ఒక తల్లి చేతిలో ప్లాస్టిక్ కప్పు, చెంచా, ఒళ్ళో ఏడాది లోపు పాప. ఒక చెంచా పోస్తుంది, ఆగుతుంది, పాప మింగాక ఇంకో చెంచా. పాప కక్కేసింది. తల్లి కంగారుపడి నర్సు వైపు చూస్తే నర్సు చేత్తో కాసేపు ఆగమని సైగ చేసి, మళ్ళీ మొదలుపెట్టించింది, ఈసారి ఇంకా నెమ్మదిగా. అలా చూస్తుండగానే పాప కళ్ళు తెరిచి చెంచా వైపు చెయ్యి చాపింది. అక్క అక్కడే నిలబడి మొత్తం చూసింది, మన దగ్గర కక్కగానే ఆపేసి “పడతలేదు” అని ఆటో ఎక్కిస్తారు కదా, అసలు కథ అక్కడే పాడవుతోంది అంది.

ఏడాది ముందు 2022 మార్చి, ఏప్రిల్‌లో ఈ ఆస్పత్రికి రోజుకి 1,300 మందికి పైగా వచ్చారట, అరవై ఏళ్ళ చరిత్రలో ఎప్పుడూ అంతమంది రాలేదు. బయట పార్కింగ్‌లో టెంట్లు వేసి మంచాలు పరిచారు. అంత రద్దీలోనూ ఒక పని ఆపలేదు: వచ్చే ప్రతి 50వ రోగి దగ్గర శాంపిల్ తీసి, ఇల్లెక్కడ, ఏ నీళ్ళు తాగుతారు, ఏ క్రిమి అని రాసుకోవటం. 1979 నుంచి నడుస్తోంది ఈ లెక్క. ఏ పేటలో పైపులు కలుషితమయ్యాయో, ఏ మందు పనిచేయటం మానేసిందో ఆ యాభైయో మనిషి దగ్గర తెలుస్తుంది. ఆ మరుసటి ఏడు, 2024 అక్టోబర్‌లో, విజయనగరం జిల్లా గుర్లలో డయేరియాతో జనం పోయినప్పుడు, ఎంతమంది పోయారన్న దగ్గరే గొడవ నడుస్తుంటే నాకు ఈ యాభైయో మనిషి గుర్తొచ్చాడు.

ఇంకోటి చూపించారు. న్యుమోనియాతో ఊపిరి అందని పిల్లలకి వెంటిలేటర్ కొనే స్తోమత లేక డాక్టర్ జోబయేర్ చిస్తీ చేసిన ఏర్పాటు: ఖాళీ షాంపూ బాటిల్లో నీళ్ళు పోసి, పిల్లాడి ముక్కు దగ్గర్నుంచి వచ్చే గొట్టం చివర అందులో ముంచుతారు. పిల్లాడు ఊపిరి వదిలినప్పుడల్లా బుడగలు. ఆ నీటి ఒత్తిడి ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఆపుతుంది. ఊరికే చేసేసి ఊరుకోలేదు, మామూలు ఆక్సిజన్‌తో పోల్చి ట్రయల్ చేసి 2015లో లాన్సెట్‌లో వేశారు, చావులు తగ్గాయని తేలాకే వార్డులో నిలిచింది.

మంగళవారం, మేఘనా నది మీద

పొద్దున్నే సదర్‌ఘాట్. బూడీగంగా నీళ్ళు నల్లగా, ముక్కు మూసుకోవాల్సిందే. చాంద్‌పూర్ వెళ్ళే మూడంతస్తుల లాంచీ, కింద డెక్ మీద చాపలు పరుచుకుని కుటుంబాలకి కుటుంబాలు పడుకుని ఉన్నాయి. ఊరు దాటి మేఘనాలోకి వచ్చాక గాలి మారింది, నీళ్ళ రంగు మారింది, అవతలి ఒడ్డు కనపడటం మానేసింది. పిల్ల ఇలిశ చేపలు పెరగాలని మార్చి, ఏప్రిల్ రెండు నెలలు ఇక్కడ వేట నిషేధం, అది అయిపోయి వారమే అయింది కాబట్టి నది నిండా పడవలే. ఇలిశ అంటే మన గోదారి పులసే, లాంచీలో అందరూ ధరల గురించే మాట్లాడుకుంటున్నారని మాకు తోడొచ్చిన అపా చెప్పింది. (ఇక్కడ ఆడవాళ్ళని అపా అంటారు, మన అక్కా అన్నట్టే, అందుకని మా అక్క ఆమెని అక్కా అనే పిలిచింది, ఆమె పలికేసింది.)

చాంద్‌పూర్ రేవు నుంచి సీఎన్జీలో మత్లబ్. చేరేసరికి సాయంత్రం. నది పక్క ఊరు, ఎటు చూసినా చెరువులు, కాలవలు, అరటి చెట్లు, కోనసీమలోకి వచ్చినట్టే ఉంది. కలరాకి ఇంతకంటే అనుకూలమైన చోటు లేదు కాబట్టే 1963లో కలరా టీకా పరీక్షించటానికి ఈ చోటు ఎంచుకున్నారు. రోడ్లు లేని రోజుల్లో రోగుల్ని తేవటానికి స్పీడ్ బోట్లు అంబులెన్సులుగా తిరిగేవట.

బుధవారం, మత్లబ్ పల్లెలు

ఈ రోజు గురించి ఎంత రాసినా తక్కువే.

1966 నుంచి ఇక్కడ ప్రతి ఇంటి లెక్కా ఉంది. 142 ఊళ్ళు, రెండు లక్షలకు పైగా జనం. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎందుకు పోయారు, ఎవరికి పెళ్ళయింది, ఎవరు దుబాయ్ వెళ్ళారు, ఎవరు తిరిగొచ్చారు, అంతా. ప్రపంచంలో పేద దేశాల్లో ఇన్నేళ్ళుగా ఆగకుండా నడిచిన ఇలాంటి లెక్క ఇంకోటి దొరకటం కష్టం. మేం వెంట నడిచిన ఫీల్డ్ వర్కర్ యాభై దాటిన మనిషి, గొడుగు, భుజానికి సంచి, చేతిలో ట్యాబ్. ఒక వాకిట్లోకి వెళ్తే నాలుగైదు ఇళ్ళు కలిసి ఉంటాయి, దాన్ని బాడీ అంటారు, అందరూ చుట్టాలే. వెళ్ళగానే అరుగు మీద పీట వేశారు. ఆమె అడిగే తీరు ప్రశ్నల్లా లేదు, మీ చిన్నకోడలు పుట్టింటి నుంచి వచ్చిందా అంటోంది, అటు నుంచి జవాబు వస్తుంటే ట్యాబ్‌లో వేలు కదులుతోంది. ఒక ఇంట్లో ముసలాయన చనిపోయాడు. ఆమె అక్కడ ట్యాబ్ సంచిలో పెట్టేసి ముసలమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది చాలాసేపు. బయటికొచ్చాక చెట్టు కింద నిలబడి తేదీ ఎక్కించింది, ఎందుకు పోయాడన్నది వివరంగా రాసుకోవటానికి వేరే మనిషి తర్వాత వస్తాడట.

“మనకాడ గూడ రిజిస్టర్లు రాస్తం గద చెల్లె, నేను రాసినయి లారీ నిండుతయి. తిరిగి ఇంటికొచ్చి నేను రాసింది నిజమో కాదో చూసినోడు ఒక్కడు లేడు,” అంది అక్క. ముప్పై ఏళ్ళ ఉద్యోగం గురించి ఆమె ఇంత మాట అనటం నేను అదే మొదటిసారి వినటం. ఇక్కడ తిరిగి చూస్తారు. ఒకరు రాసిన ఇళ్ళల్లో కొన్నిటికి ఇంకొకరు వెళ్ళి మళ్ళీ అడుగుతారు.

ఈ లెక్క వల్ల విధానం ఎలా మారిందో ఒక ఉదాహరణ. 1977లో మత్లబ్‌ని రెండు భాగాలు చేశారు. ఒక సగంలో ఆడ వర్కర్లు ఇంటింటికీ వెళ్ళి కుటుంబ నియంత్రణ సాధనాలు ఇవ్వటం, తల్లీబిడ్డల సేవలు, రెండో సగంలో మామూలు ప్రభుత్వ సేవలు. ఆడవాళ్ళు గడప దాటని చోట గడప దగ్గరికే సేవ వస్తే ఏమవుతుందో రెండు సగాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరూ కాదనలేకపోయారు, ఆ పాఠాల్నే దేశమంతా ఇంటింటికీ తిరిగే ఆడ వర్కర్ల పథకానికి వాడుకున్నారు. జింకు కూడా అంతే, విరేచనాలైన పిల్లలకి ఓఆర్ఎస్‌తో పాటు జింకు ఇస్తే చావులు తగ్గుతాయని ఇక్కడి పల్లెల్లో చేసిన ట్రయల్ 2002లో వచ్చింది, 2004కల్లా ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి జింకు ఇవ్వమన్నాయి. మన సబ్ సెంటర్లో ఓఆర్ఎస్‌తో పాటు 14 రోజులకి ఇచ్చే జింకు బిళ్ళల వెనక ఈ బురద దారులున్నాయి.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ పాత చీర వడపోత చేసి చూపించింది. పాత నూలు చీర, ఉతికి ఉతికి మెత్తబడిపోయింది. మడత మీద మడత వేసి, ఎనిమిది పొరలు చేసి, బిందె మూతికి కట్టి చెరువు నీళ్ళు వంచింది. కొత్త చీర పనికిరాదు, పాతదయితేనే దారాలు పిగిలి సందులు చిన్నవవుతాయి. కలరా క్రిములు విడిగా ఈదటం కంటే నీళ్ళల్లో ఉండే కంటికి ఆనని పురుగుల్ని పట్టుకుని బతుకుతాయి, చీర ఆ పురుగుల్ని ఆపేస్తుంది. శాస్త్రవేత్తలు రీటా కాల్వెల్, అన్వర్ హక్ బృందం మత్లబ్‌లో 65 ఊళ్ళల్లో చేసి 2003లో చెప్పింది, కలరా 48 శాతం తగ్గిందని. ఆవిడ నీళ్ళు వంచాక చీరని తిరగేసి వేరే నీళ్ళతో జాడించి ఎండలో ఆరేసింది, ఆ ఆరేయటం కూడా నేర్పారట.

అదే వాకిట్లో బోరు పంపు ఉంది. మూతి దగ్గర ఎర్ర రంగు, పెచ్చులూడిపోయింది. ఇది నన్ను పట్టుకున్న విషయం. చెరువు నీళ్ళు తాగి పిల్లలు పోతున్నారని 1970ల నుంచి ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి బోర్లు వేయించాయి, తర్వాత జనమే లక్షల్లో వేసుకున్నారు. 1993లో తేలింది, ఆ నీళ్ళల్లో ఆర్సెనిక్. తర్వాత దేశమంతా పరీక్షలు చేసి విషం ఉన్నవాటికి ఎరుపు, లేనివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. మత్లబ్‌లో సగానికి పైగా బోర్లు హద్దు దాటినవే. ఇంటావిడ అరచేతులు చూపించింది, గట్టిపడిన చిన్న చిన్న బొడిపెలు. అక్క ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసి, నా వైపు చూసింది. మాకు చెప్పనక్కర్లేదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో నడుం వంగిపోయిన మనుషుల మధ్య పెరిగిన వాళ్ళం, మా దగ్గరా కరువుకి మందని బోర్లే వేశారు, కృష్ణా నీళ్ళు పైపుల్లో ఇంటికొచ్చేదాకా తరాలు పోయాయి. నీళ్ళు పడ్డాయా లేదా అని చూశారు గానీ ఆ నీళ్ళల్లో ఏముందో ఏళ్ళ తరబడి అడగలేదు, అక్కడా అంతే, ఇక్కడా అంతే. వేసే ముందే ఒక్క పరీక్ష చేసి ఉంటే అని ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు.

గురువారం, మత్లబ్ బజారు, మళ్ళీ ఢాకా

పొద్దున లాంచీకి టైముందని బజారులో తిరిగాం. కిళ్ళీకొట్టులో, కిరాణాలో, టీ కొట్టులో, మందుల షాపులో సరే సరి, ఎక్కడ చూసినా ఓఆర్ సెలైన్-ఎన్ ప్యాకెట్లు దండలా వేలాడుతున్నాయి. అరలీటరు నీళ్ళకి ఒక ప్యాకెట్, ఐదారు టాకాలు. అక్క ఓ గుత్తి కొంది.

దీని గురించి మాట్లాడితే మన సంగతి కూడా చెప్పుకోవాలి. మన మందుల షాపుల్లో ఓఆర్ఎస్ అని పేరులో పెట్టుకుని టెట్రాప్యాక్‌లో పళ్ళరసాలు ఏళ్ళ తరబడి అమ్మారు. లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9, ఇదీ డబ్ల్యూహెచ్ఓ లెక్క. ఆ డబ్బాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు. అంత చక్కెర తాగిస్తే పేగులోకి నీళ్ళు ఎదురొచ్చి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబర్ 14న మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆర్డరిచ్చింది. ఆ వార్త చదివిన రోజు అక్కకి ఫోన్ చేస్తే ఆమె అప్పటికే మూడు గ్రూపుల్లో పెట్టేసింది.

సాయంత్రం ఢాకాలో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థలో చేసి రిటైరైన ఒక వర్కర్‌ని కలిశాం. ఈ యాత్ర మొత్తంలో నాకు ఎక్కువ పాఠం చెప్పిన మనిషి ఆవిడే. 1980 నుంచి 1990 దాకా ఫజ్లే హసన్ ఆబెద్ పెట్టిన బ్రాక్ సంస్థ వాళ్ళు దేశంలో దాదాపు కోటీ ఇరవై లక్షల ఇళ్ళకి వెళ్ళి, టీవీలు లేని, చదువు లేని తల్లులకి ఒక్కొక్కరికీ ఎదురుగా కూర్చుని నేర్పారు. అప్పట్లో ఇన్ని ప్యాకెట్లు లేవు, కొనే స్తోమతా లేదు. అరసేరు (దాదాపు అరలీటరు) నీళ్ళు, చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం. ఆవిడ టీపాయి మీద ఉప్పు గిన్నె పెట్టించుకుని చూపించింది: బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, మూడూ కలిపి, చూపుడువేలి మొదటి గీత దాకా వచ్చేంత. అంతకంటే ఎక్కువయితే పసిబిడ్డకి ప్రమాదం. తల్లి గిన్నెలోనే అరసేరు ఎక్కడికొస్తుందో కొలిచి గుర్తు పెట్టేవారట. తర్వాత తల్లి చేత్తో తనే కలపాలి. కలిపాక రుచి చూడాలి, కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదు.

ఇక అసలు సంగతి జీతం. వర్కర్ ఎన్ని ఇళ్ళు తిరిగిందన్నది కాదు. ఆమె వెళ్ళొచ్చిన వారాల తర్వాత ఇంకో మనిషి వచ్చి, చీటీ తీసినట్టు కొందరు తల్లుల్ని ఎంచుకుని, ఏం గుర్తుందో అడిగి, వాళ్ళ చేత కలిపించి ఆ నీళ్ళ శాంపిల్ ల్యాబుకి పంపేవాడు. తల్లి ఎంత బాగా చెప్తే వర్కర్‌కి అంత జీతం. తల్లికి గుర్తులేకపోతే ఆ ఇంటికి పైసా రాదు.

అయినా మొదట్లో తల్లులు నేర్చుకున్నారు గానీ వాడలేదు. అడిగితే అన్నీ గడగడా అప్పజెప్పేస్తారు, బిడ్డకి విరేచనాలైతే మాత్రం ఇవ్వరు. ఎందుకని తవ్వితే రెండు తేలాయి. వర్కర్లకే నమ్మకం లేదు, తమకి మోషన్స్ అయితే వాళ్ళే బిళ్ళలు మింగుతున్నారు. అప్పుడు వాళ్ళని ఢాకా ల్యాబుకి తీసుకొచ్చి అది ఎలా పనిచేస్తుందో కళ్ళకి చూపించారు, ఆ తర్వాత నుంచి తల్లి ముందు తాము తాగి చూపించేవారు. రెండోది, ఇంట్లో మగవాళ్ళకి, అత్తలకి ఎవరూ చెప్పలేదు. ఉప్పు, బెల్లం మందేమిటని భర్త అంటే ఆ తల్లి ఏం చేస్తుంది? అందుకని బజార్లలో, మసీదుల దగ్గర, స్కూళ్ళలో మగవాళ్ళతో మీటింగులు మొదలుపెట్టారు.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “చెప్పేటోళ్ళకే నమ్మకం లేకుంటే ఇనేటోళ్ళకు యాడికెల్లి వస్తది,” అని ఆవిడ చేతిలో ఉప్పు తను తీసుకుని మూడు వేళ్ళతో పట్టి చూసింది. ఎక్కువొచ్చింది. ఆవిడ తగ్గించింది. మళ్ళీ పట్టింది.

శుక్రవారం, సావార్

ఇక్కడ శుక్రవారం సెలవు, సగం మూసే ఉంది, అయినా గొనోషాస్థ్య కేంద్ర చూడకుండా వెళ్ళాలనిపించలేదు. 1971 యుద్ధంలో త్రిపురలో వెదురు బొంగులతో ఆస్పత్రి నడిపిన జఫ్రుల్లా చౌదురి ఆ తర్వాత సావార్లో పెట్టిన ప్రజారోగ్య సంస్థ. మేం వెళ్ళటానికి నెల ముందే, ఏప్రిల్ 11న పోయారు. ఊరి ఆడపిల్లలకి సైకిల్ నేర్పి పారామెడిక్కులుగా పంపటం ఒకటి, 1982 జాతీయ ఔషధ విధానం ఇంకోటి. అవసరం లేనివి, హానిచేసేవి 1,700కి పైగా మందుల్ని బజారు నుంచి తీసేసే విధానం అది, విదేశీ కంపెనీలు ఎంత ఒత్తిడి తెచ్చినా నిలబడింది. ఈరోజు ఆ దేశం తనకి కావలసిన మందులు దాదాపు అన్నీ తనే చేసుకుంటోంది. సైనిక ప్రభుత్వం చేతిలో జరిగిందన్న విమర్శ ఉంది, అది కాదనలేం. కానీ పేదవాడు మందు కొనగలిగాడా లేదా అన్నది చూస్తే నేను జఫ్రుల్లా వైపే.

మోఖా తుఫాను వస్తోందని ఊరంతా అదే మాట. మా దారి పడమటికి కాబట్టి భయం లేదు.

శనివారం, బెనాపోల్ దాటి బన్‌గావ్

తెల్లారుజామున బస్సు, కొత్త పద్మ వంతెన మీదుగా. మధ్యాహ్నానికి బెనాపోల్, క్యూలు, స్టాంపులు, సంచులు మోసుకుని నడక, అవతల పెట్రాపోల్, ఆటోలో బన్‌గావ్. విమానంలో తిరిగి రావచ్చు, కానీ ఈ ఊరు చూడటానికే ఈ దారి పట్టాం.

1971లో సరిహద్దు దాటి లక్షల మంది శరణార్థులు ఇటు వచ్చారు, వెనకే కలరా. బన్‌గావ్ ఆస్పత్రిలో చావుబతుకుల్లో ఉన్నవాళ్ళు నేల మీద, సెలైన్ సీసాలు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలకత్తాలో గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూకం వేయించి ప్లాస్టిక్ సంచుల్లో వేసి ఇస్త్రీపెట్టెతో అంటించి తెప్పించారు. కుళాయి ఉన్న డ్రమ్ముల్లో కలిపి పెట్టి, తల్లులకి, అన్నలకి, పక్కనున్నవాళ్ళకి కప్పులిచ్చి తాగించమన్నారు. డాక్టర్ కాదు, నర్సు కాదు, ఇంట్లోవాళ్ళు. 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆ శిబిరంలో 3.6 శాతానికి పడ్డాయి. గ్లూకోజు సోడియాన్ని వెంట తీసుకెళ్తుందని కనిపెట్టటం ఇరవయ్యో శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య పురోగతి కావచ్చని 1978లో లాన్సెట్ రాసింది. మహలనబిస్ 2022 అక్టోబర్‌లో పోయారు, పద్మవిభూషణ్ ప్రకటించింది 2023 జనవరిలో. బతికుండగా ఇవ్వాల్సింది.

ఊళ్ళో ఎవరినడిగినా ఆ సంగతి తెలిసినట్టు లేదు. ఒక టీకొట్టు పెద్దాయన మాత్రం శిబిరాలు గుర్తున్నాయన్నాడు, తను అప్పుడు చిన్నపిల్లాడినని, డ్రమ్ములు గుర్తులేవని.

సియాల్దా లోకల్‌లో కిటికీ పక్కన కూర్చుని అక్క నోట్‌బుక్ తీసింది. ఆశా ఎన్ని ఇళ్ళు తిరిగిందన్న కాలమ్ కొట్టేసి, తల్లి చేత్తో కలిపించారా, నెల తర్వాత వేరే మనిషి వెళ్ళి చూశారా అని రెండు కొత్తవి గీసింది. అత్తని, భర్తని కూడా కూర్చోబెట్టాలని కింద రాసింది. ఆర్ఎంపీల పేర్లు ఊరివారీగా రాయటం మొదలుపెట్టింది, వాళ్ళని వదిలేస్తే ఇది నడవదని.

మునుగోడు, మర్రిగూడ మండలాల్లో కొన్ని ఊళ్ళల్లో అలా చేస్తూ వస్తున్నాం. తల్లులు బాగానే కలుపుతున్నారు, ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళల్లో ఒకేసారి వేయటం దగ్గర ఇంకా తేడా వస్తోంది, గ్లాసు నీళ్ళల్లో సగం ప్యాకెట్ వేసేవాళ్ళు ఉన్నారు. ఆర్ఎంపీల్లో సగం మంది మీటింగుకే రావట్లేదు. శాంపిల్స్ జిల్లా ల్యాబుకి పంపితే ఫలితం వచ్చేసరికి పిల్లాడికి తగ్గిపోయి కూడా వారాలవుతోంది. ఇంటి దగ్గరే, ఆ గ్లాసులోనే సోడియం ఎంతుందో చవగ్గా కొలిచే పరికరం ఎవరైనా ఫీల్డులో వాడి ఉంటే చెప్పండి, మార్చి లోపు కావాలి మాకు, ఎండలు ముదిరితే మళ్ళీ మొదలవుతాయి.